ఎకరాల్లో కొని అంకణాల్లో అమ్మేటప్పుడు

తిరుపతి చుట్టుపక్కల భూమి ఎకరాల్లో కొంటాం, అంకణాల్లో అమ్ముతాం. ఇక్కడ అంకణం అంటే ఆరడుగులకు ఆరడుగులు, 36 చదరపు అడుగులు. సెంటుకు 12.1 అంకణాలు, ఎకరాకు 1210. నెల్లూరు అంకణం మాత్రం 72 చదరపు అడుగులు. 2022లో అటువైపు మండలాలు కొన్ని తిరుపతి జిల్లాలో కలిశాయి కాబట్టి ఒకే జిల్లాలో రెండు లెక్కలూ వినబడతాయి. బేరంలోనే ఏ అంకణమో తేల్చుకుని, అగ్రిమెంటులో చదరపు గజాలు రాయించుకోండి.

ఎకరా 70 లక్షలు అనుకుందాం. 1210తో భాగిస్తే అంకణం 5,785 రూపాయలు. చాలామంది ఈ లెక్క చూసుకునే అడ్వాన్సు ఇచ్చేస్తారు. కానీ లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ స్థలానికి పోతుంది. రోడ్లకు 30 శాతం పైమాటే. 58 శాతం మిగిలినా ఎకరాకు చేతికొచ్చేది సుమారు 700 అంకణాలు. అంటే అంకణం పదివేలు పడినట్టు. దానిమీద రిజిస్ట్రేషన్ 7.5 శాతం, కాలువలు, కరెంటు స్తంభాలు, అమ్ముడుపోయేదాకా వడ్డీ. సన్నగా పొడుగ్గా ఉన్న భూమిలో రోడ్లే ఇంకా ఎక్కువ తినేస్తాయి. అలాంటిది చవగ్గా వస్తోందంటే ముందు దాని ఆకారం చూడండి.

అడంగల్, వన్‌బీ అనే రెవెన్యూ రికార్డుల్లో అమ్మేవాళ్ల పేరుంటే సరిపోదు. ఆర్‌ఎస్‌ఆర్ అనే పాత భూమి రిజిస్టరు నకలు తీయించాలి. ఆ సర్వే నంబరుకు ఎదురుగా అనాధీనం, గయాలు, మేత పోరంబోకు, వంక అని ఉన్నా, పట్టాదారు పేరుండాల్సిన గడిలో చుక్కలున్నా అక్కడితో ఆగండి, అది ప్రభుత్వ భూమి కావచ్చు. చిత్తూరు వైపు డీకేటీ పట్టాలు ఎక్కువ, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూములు. అసైన్డ్ భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. తర్వాత సడలింపులు వచ్చాయని అమ్మేవాళ్లు చెబుతారు. మాట కాదు, సర్వే నంబరు 22-ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో ఉందా లేదా అన్నది రిజిస్ట్రేషన్ రోజున కూడా చూసుకోవాలి. మఠం, దేవస్థానం, ఇనాం భూముల దగ్గరా ఇదే జాగ్రత్త. ఈసీలో, అంటే ఆ భూమిపై జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే కాగితంలో, ఏమీ కనబడకపోయినంత మాత్రాన భూమి ప్రభుత్వానిది కాదని అర్థం కాదు.

రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు వచ్చింది. లింకు డాక్యుమెంట్లలో, అంటే అంతకుముందు చేతులు మారిన దస్తావేజుల్లో, పాతదే ఉంటుంది. రెండూ ఒకే చెక్కవని కాగితం మీద తేలాకే ముందుకు పోవాలి.

ఇక కొలత. ఎఫ్‌ఎంబీ, అంటే సర్వే కొలతల పటం నకలు పట్టుకుని గెనిమల (పొలం గట్ల) వెంబడి నడవండి. పాత నకళ్లలో అంకెలు లింకుల్లో ఉంటాయి. గొలుసు 66 అడుగులు, అందులో వంద లింకులు. నకల్లో 250 అని ఉంటే నేల మీద 165 అడుగులే. దాన్ని అడుగులనుకుంటే ఒక్క వైపే 85 అడుగులు లేని భూమిని లెక్కేసుకున్నట్టు. గెనిమను పట్టి కొలిపించొద్దు, దుక్కి దుక్కికీ అది కాస్త కాస్త జరుగుతూనే ఉంటుంది. మూలరాయి కనబడకపోతే పక్క నంబరు రాళ్ల నుంచి కొలవమనండి. చెక్కుబందిలో, అంటే దస్తావేజు హద్దుల వివరంలో ఉన్న పక్క భూముల వాళ్లు నలుగురినీ ఆ రోజు పొలంలో నిలబెట్టండి. 'కొలతలో తేలిన విస్తీర్ణానికే సొమ్ము' అన్న ఒక్క వాక్యం అగ్రిమెంటులో ఉంటే మీకు సగం గొడవ తప్పుతుంది.

బాట సంగతి మరవొద్దు. నకల్లో బండిబాట ఉందా, ఉంటే అన్నిటికంటే ఇరుకైన చోట, కల్వర్టు దగ్గర, టేపు పెట్టి చూడండి. దారి వెడల్పు చాలకపోతే తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి అక్కడే ఆగిపోతుంది. చిత్తూరు–తచ్చూరు లాంటి హైవేల దారిలో భూమి తీసుకోబోతున్నామని చెప్పే 3ఏ నోటిఫికేషన్‌లో నంబరు ఉందేమో వెతకండి. దాని తర్వాతి 3డీ ప్రకటన వచ్చాక ఆ భూమి కేంద్రానిదే.

సంతకాల విషయంలో ఆ ఇంటి ఆడపిల్లల్ని వదిలేసి రాయించుకున్న దస్తావేజు ఎప్పటికైనా కోర్టుకు పోతుంది. మైనరుకు సొంతంగా వచ్చిన వాటా ఉంటే కోర్టు అనుమతి లేకుండా కొనకండి.

అమ్మకానికొస్తే, 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది ప్లాట్లు దాటినా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు రాకుండా బ్రోచర్ కూడా పంచకూడదు. కొన్నవాళ్లు కట్టిన దాంట్లో 70 శాతం విడి ఖాతాలో ఉండాలి, అది ఆ లేఅవుట్ పనులకూ భూమి ఖర్చుకూ మాత్రమే. అందుకని మొదటి ప్లాట్ల సొమ్ముతో రెండో భూమికి అడ్వాన్సు ఇచ్చే ఆలోచన పెట్టుకోవద్దు. పనులు పూర్తయ్యేదాకా 15 శాతం ప్లాట్లు తుడాకు తాకట్టు పెట్టాలి. ఆ ప్లాట్లు వెనక వరసలో చూపించండి, రోడ్డు ముఖం ప్లాట్లు ముందు అమ్ముకోవడానికి ఖాళీగా ఉంటాయి.