మిగిలిందెంత?

పదకొండు దాటింది. ఆయన రెండుసార్లు లైటు ఆర్పమని చెప్పి నిద్రపోయారు. అత్తయ్యగారి గదిలో రేడియో కూడా ఆగింది. నా ముందు మాత్రం మా విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టు 37వ పేజీ దగ్గర తెరిచే ఉంది. ఈసీజీలో, అంటే గుండె గీతలో, కలిసే కరెంటు రొదను ఎల్ఎంఎస్ అనే పద్ధతితో తీసేయడం వాళ్ళ ప్రాజెక్టు.

ఆ పేజీలో ఒక్క వాక్యం సాయంత్రం నుంచి నలుసులా గుచ్చుతోంది. "ఈసీజీలోని నాయిస్ పూర్తిగా తొలగించబడింది" అని. దాని కింద రెండు బొమ్మలు. పైన వణుకుతున్న గీత, కింద నున్నటి గీత. శాంప్లింగ్ రేటు, అంటే సెకనుకు ఎన్నిసార్లు కొలిచారో, రాయలేదు. మ్యూ, అంటే ప్రతి అడుగులో ఎంత దిద్దుకోవాలో చెప్పే అంకె, లేదు. 50 హెర్ట్జ్ హమ్ (మెయిన్స్ కరెంటు రొద) ఎన్ని డెసిబెల్స్ తగ్గిందో లేదు. "పూర్తిగా" అన్న మాట మాత్రం ఉంది. ఆ పై పేరాలోనే ఈ పద్ధతిని కనిపెట్టిన ఇద్దరిలో ఒకరైన బెర్నార్డ్ విడ్రో పేరుంది, అది ఇంకా బాధ. నాయిస్ పోయింది అని ఊరుకోకుండా, పోగా మిగిలిందెంత అని లెక్క తీసిన మనిషి పేరు పక్కన ఆ మాట రాశారు.

ఎల్ఎంఎస్ (లీస్ట్ మీన్ స్క్వేర్, సగటు వర్గ దోషాన్ని తగ్గించుకుంటూ పోయే పద్ధతి) పుట్టిన కథ క్లాసులో రెండు నిమిషాల్లో చెప్పేస్తాను. ఈ రాత్రి అదే పదే పదే గుర్తొస్తోంది. విడ్రో ఎంఐటీలో చదివి, 1956లో డాక్టరేట్ చేసి, అక్కడే పాఠాలు చెప్పి, 1959లో స్టాన్‌ఫర్డ్‌కి వచ్చాడు. ఆ శరదృతువులో ఒక శుక్రవారం మధ్యాహ్నం టెడ్ హాఫ్ అనే కొత్త పరిశోధక విద్యార్థి ఆయన గదికి వచ్చాడు. (ఇంటెల్‌లో మైక్రోప్రాసెసర్ పనితో తర్వాత పేరు తెచ్చుకున్న హాఫ్ ఇతనే.) ఇద్దరూ బోర్డు మీద లెక్క వేస్తున్నారు. సగటు వర్గ దోషం తగ్గాలంటే దాని వాలు కావాలి. వాలు కావాలంటే సగటు కావాలి, సగటు కావాలంటే బోలెడు డేటా కావాలి. ఆ సగటునే వదిలేశారు. ఈ క్షణంలో ఉన్న ఒక్క దోషాన్నే వర్గం చేసి దాని వాలు తీసుకున్నారు. పాత వెయిట్లకి (ఇన్‌పుట్లను గుణించే అంకెలు) రెండు మ్యూ ఇంటూ దోషం ఇంటూ ఇన్‌పుట్ కలిపితే కొత్త వెయిట్లు వచ్చాయి. అంతే సూత్రం. హాల్లో అవతల గదిలో ఉన్న అనలాగ్ కంప్యూటర్ మీద హాఫ్ ఆ మధ్యాహ్నమే దాన్ని నడిపించాడు. వారాంతం కావడంతో యూనివర్సిటీ స్టోర్ మూసేశారు. మర్నాడు పాలో ఆల్టోలో విడిభాగాల షాపుకు వెళ్ళి సామాను కొనుక్కొచ్చి, ఆదివారానికల్లా నాలుగు వరసల్లో నాలుగేసి స్విచ్చులున్న యంత్రాన్ని తయారు చేశారు. దాని పేరే అడలైన్.

ఇందులో నాకు ఇష్టమైంది వేగం కాదు. ఒక్క శాంపిల్‌తో తీసిన వాలు తప్పకుండా అటూ ఇటూ ఊగుతుంది. అంటే నాయిస్ తీయాల్సిన పద్ధతిలోనే నాయిస్ ఉంది. విడ్రో దాన్ని దాచలేదు. దానికి మిస్‌అడ్జస్ట్‌మెంట్ అని పేరు పెట్టి లెక్క కట్టాడు. మ్యూని ఇన్‌పుట్ మొత్తం పవర్‌తో గుణిస్తే, సాధ్యమైన కనీస దోషం మీద ఎంత శాతం అదనంగా మోయాలో తెలుస్తుంది. మ్యూ తగ్గిస్తే ఆ శాతం తగ్గుతుంది, కుదురుకోడానికి పట్టే సమయం పెరుగుతుంది. సున్నా మాత్రం ఎప్పటికీ కాదు. ఇది తెలిసినవాళ్ళు "పూర్తిగా" అని ఎలా రాస్తారు?

1965లో స్టాన్‌ఫర్డ్‌లో మొదటి నాయిస్ క్యాన్సెలర్ కట్టింది కూడా ఇద్దరు విద్యార్థులే, ఒక కోర్సు కోసం టర్మ్ పేపర్‌గా. పనీ ఇదే. అక్కడి మెయిన్స్ 60 హెర్ట్జ్ కాబట్టి ఈసీజీలోంచి ఆ హమ్ తీయడం. పది సంవత్సరాల తర్వాత, 1975లో, విడ్రో సహరచయితలతో కలిసి ప్రచురించిన పెద్ద పేపర్లో తల్లి కడుపు మీది లీడు ప్రైమరీ (శుభ్రం చేయాల్సిన సిగ్నల్), ఛాతీ మీద నాలుగు లీడ్లు రిఫరెన్సులు (తీసేయాల్సినదాని నమూనాలు). తల్లి గుండె గీత కరిగిపోయి, అడుగున బిడ్డ గుండె గీత బయటికొస్తుంది. ఆ బొమ్మ ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. సరే, రిపోర్టు సంగతికొస్తాను.

మా విద్యార్థులు రిఫరెన్స్‌ని ఎక్కడినుంచి తీశారో చూడండి, మోచేతి దగ్గర అతికించిన మరో ఎలక్ట్రోడ్ నుంచి. అందులో హమ్ ఉంటుంది, నిజమే. గుండె సిగ్నల్ కూడా కొంత ఉంటుంది. విడ్రో 1975 పేపర్లోనే దీనికి చక్కటి ఫలితం ఉంది. వేరే నాయిస్ ఏదీ లేకపోతే, అవుట్‌పుట్‌లో సిగ్నల్‌కి నాయిస్‌కి ఉండే నిష్పత్తి రిఫరెన్స్‌లో ఉన్న నిష్పత్తికి తలకిందులు. రిఫరెన్స్‌లో సిగ్నల్ పవర్ నాయిస్ పవర్‌లో నూరో వంతు కారితే అవుట్‌పుట్‌లో నూరు రెట్లు, అంటే 20 డెసిబెల్స్. దాన్ని మించి రాదు. కింది బొమ్మలో ఆర్ శిఖరం (ఒక్కో గుండె కొట్టుకోడానికి లేచే పొడవైన ముల్లు) పొట్టిగా ఉంది, ఎవరూ గమనించలేదు. మ్యూని పదో వంతు చేసి మళ్ళీ నడపాలి. శిఖరం పాత ఎత్తుకి వస్తే తప్పు మ్యూది. రాకపోతే రిఫరెన్స్‌లో కారుడుంది.

రిఫరెన్స్ కోసం ఒంటిని ముట్టుకోనక్కర్లేదు. 230 వోల్టుల నుంచి 6 వోల్టులకి దించే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చాలు. దాని శిఖరం ఎనిమిదిన్నర వోల్టుల దాకా ఉంటుంది కనుక రెండు రెసిస్టర్లతో ఒక వోల్టుకి దించుకోవాలి. ప్లగ్గునుంచి నేరుగా తీగ లాగడం ప్రాణాంతకం, ఆ మాట రిపోర్టులో పెద్దక్షరాలతో ఉండాలి.

తర్వాత రెండు వెయిట్ల సంగతి. సైన్ తరంగం ఎత్తూ ఫేజూ రెండూ సరిపోవాలంటే రెండు వెయిట్లు చాలు, వాటి ఇన్‌పుట్ల మధ్య 90 డిగ్రీలు ఉంటే మంచిది. వీళ్ళ ప్రోగ్రాం చూస్తే సెకనుకు 1000 శాంపిల్స్, అంటే ఒక ఆవృత్తికి 20. 90 డిగ్రీలంటే 5 శాంపిళ్ళ ఆలస్యం. వీళ్ళు ఒక్క శాంపిల్ ఆలస్యం పెట్టారు, అంటే 18 డిగ్రీలు. రెండు ఇన్‌పుట్లూ దాదాపు ఒకటే అయిపోయాయి. ఐగెన్ విలువల (ఒక్కో దిశలో ఎంత త్వరగా కుదురుతుందో చెప్పే అంకెల) నిష్పత్తి 40 దగ్గరికి పోతుంది. మ్యూ 0.005 అయితే ఒక దిశలో పదో వంతు సెకనులో కుదురుతుంది, ఇంకో దిశలో నాలుగు సెకన్లు పడుతుంది. 5 శాంపిల్స్ పెట్టి ఉంటే రెండూ 0.2 సెకనులో అయిపోయేవి. అది తెలియక మ్యూని పది రెట్లు పెంచారు. 90 డిగ్రీల అమరికలో లెక్కేస్తే, 1.6 హెర్ట్జ్ వెడల్పుండాల్సిన నాచ్ (ఫిల్టర్ కోసేసే సన్నని ఫ్రీక్వెన్సీ పట్టీ) 16 హెర్ట్జ్ అవుతుంది. అంత వెడల్పైతే ఆర్ శిఖరం చుట్టూ ఉండే క్యూఆర్ఎస్‌లోని భాగాన్నే తినేస్తుంది, దాని వెనక ఎస్‌టీ భాగంలో అలలు లేస్తాయి. డాక్టర్ చూసేది ఆ భాగాన్నే కదా!

మామూలు నాచ్ ఫిల్టర్ పెట్టుకోమని మార్జిన్లో రాయబోయి ఆగాను. మన గ్రిడ్‌కి 49.90 నుంచి 50.05 దాకా అనుమతి ఉంది. సరిగ్గా 50 దగ్గర బిగించిన 1.6 హెర్ట్జ్ నాచ్, 49.9 దగ్గర 18 డెసిబెల్సే తగ్గిస్తుంది. రిఫరెన్స్ ఉన్న ఫిల్టర్ అయితే మెయిన్స్ ఎటు జరిగితే అటే జరుగుతుంది. పద్ధతిని బాగానే ఎంచుకున్నారు, ఆ మాటే రాశాను.

పొద్దున వైవాలో జరిగింది ఇప్పుడు వేరేగా కనిపిస్తోంది. ఈసీజీ బదులు ఫంక్షన్ జనరేటర్ నుంచి 50 హెర్ట్జ్ పెట్టి పరీక్షించినప్పుడు, ఫ్రీక్వెన్సీలను విడదీసి చూపే ఎఫ్ఎఫ్‌టీలో 150, 250 దగ్గర చిన్న ముళ్ళు లేచాయట. వారం రోజులు కేబుళ్ళు మార్చి చూశారట. ఏడీసీ (సిగ్నల్‌ని అంకెలుగా మార్చే చిప్పు) వల్ల కాదా అని అడిగితే ఒకబ్బాయి, "మేడమ్, క్వాంటైజేషన్ నాయిస్ వైట్ అని మీ స్లైడులోనే ఉంది కదా" అన్నాడు. క్వాంటైజేషన్ అంటే కొలతని దగ్గరి స్టెప్పుకి సవరించడం. ఆ సవరింపులో వచ్చే దోషం అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ సమంగా పరుచుకుంటే వైట్ అంటాం. అప్పుడు విసుక్కున్నాను. ఇందాక స్లైడు తెరిచి చూశాను. నాయిస్ పవర్ డెల్టా (ఒక స్టెప్పు ఎత్తు) స్క్వేర్ బై 12, పక్కన "వైట్". షరతు ఎక్కడా లేదు.

ఆ షరతు కూడా విడ్రో పనే, డాక్టరేట్ నాటిది. కాలం మీద శాంప్లింగ్‌కి నైక్విస్ట్ షరతు (ఎంత దగ్గరదగ్గరగా కొలిస్తే సమాచారం పోదో చెప్పేది) ఎలాంటిదో, సంభావ్యతా వక్రం మీద క్వాంటైజేషన్‌కి అలాంటిదే ఉందని చూపించాడు. 2008లో ఇస్త్వాన్ కోలార్‌తో కలిసి దానిమీదే పెద్ద పుస్తకం తెచ్చాడు. గాసియన్ (విలువలు గంట ఆకారంలో పరుచుకునే) సిగ్నల్ అయితే స్టెప్పు సిగ్మా (ఆ విలువలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) అంత ఉన్నా సూత్రం చెక్కుచెదరదు. ఒక్క సైన్ తరంగం అలా కాదు. ఆవృత్తికి సరిగ్గా 20 శాంపిల్స్ పడితే దోషం కూడా ప్రతి 20 శాంపిల్స్‌కీ అదే వరస. అది పరుచుకోదు, 50 గుణిజాల మీద ముళ్ళై లేస్తుంది. వాళ్ళది 5 వోల్టుల పది బిట్ల ఏడీసీ, స్టెప్పు 4.88 మిల్లీవోల్టులు. దోషం ఆర్ఎంఎస్ 1.41 మిల్లీవోల్టులే, కానీ అదంతా నాలుగైదు చోట్ల పోగైతే కనిపించక ఏమవుతుంది? ఏడీసీ ముందు 2.4 మిల్లీవోల్టుల సిగ్మాతో గాసియన్ నాయిస్ కలిపితే ముళ్ళు పోయి నేల మట్టంగా పరుచుకుంటుంది. వారం రోజుల కేబుళ్ళ వెతుకులాట నా స్లైడు వల్లే. రేపు వాళ్ళకి చెప్పాలి.

"పూర్తిగా" మాత్రం ఒప్పుకోను. పెన్సిల్‌తో దాన్ని కొట్టేసి పక్కన రాశాను: టీ అలకీ తర్వాతి పీ అలకీ మధ్య (గుండె గీత నిశ్శబ్దంగా ఉండే చోట) 200 మిల్లీసెకన్లు తీసుకోండి, సరిగ్గా పది ఆవృత్తులు. 50 హెర్ట్జ్ సైన్‌తో, కొసైన్‌తో విడివిడిగా గుణించి సగటు తీయండి. ముందు ఎంత, తర్వాత ఎంత, డెసిబెల్స్‌లో. పది గుండె కొట్టుకోళ్ళకి చేసి పట్టికలో పెట్టండి.

స్లైడులో "వైట్" పక్కన "ఎప్పుడు?" అని రాసుకున్నాను. లైటు ఆర్పేస్తున్నాను.