గల్ఫ్ ఎయిర్‌లైన్‌లో పైలట్ ఉద్యోగం: కాగితాల నుంచి సిమ్యులేటర్ దాకా నా అనుభవం

హైదరాబాద్ నుంచి దుబాయ్, అబుధాబి వైపు ప్రయత్నించే పైలట్లలో చాలామంది సిమ్యులేటర్ చెక్ (నేలమీది నకిలీ కాక్‌పిట్‌లో పెట్టే పరీక్ష) గురించే బెంగపెట్టుకుంటారు. ఆ దారిలో వెళ్లి అక్కడ పనిచేసినవాడిగా నేను చెప్పేది వేరు. ముందు నడిపిన గంటలు రాసుకునే లాగ్‌బుక్ తీసి కూర్చోండి. అప్లికేషన్లు ఎక్కువగా ఆగేది అక్కడే.

లాగ్‌బుక్‌లో రాయాల్సింది బ్లాక్ టైమ్, అంటే విమానం పార్కింగ్ నుంచి కదిలినప్పటి నుంచి మళ్లీ ఆగేదాకా. టెక్ లాగ్‌లో, అంటే విమానం రికార్డు పుస్తకంలో, గాల్లో ఉన్న సమయం కూడా ఉంటుంది కాబట్టి కొందరు తొందరలో అదే ఎక్కించేస్తారు. సెక్టార్‌కి (ఒక టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా) 20 నిమిషాల తేడా అనుకున్నా 1500 సెక్టార్లకి 500 గంటలు తేలుతుంది. కంపెనీ ఇచ్చే అవర్స్ సర్టిఫికెట్‌కీ మీ పుస్తకానికీ ఇక పొంతన ఉండదు.

రెండోది తేదీ. శంషాబాద్‌లో తెల్లవారుజామున 3 గంటలకు కదిలిన ఫ్లైట్ యూటీసీ (మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ సమయం) ప్రకారం ముందురోజు రాత్రి 9:30కి కదిలినట్టు. కంపెనీ డ్యూటీ పట్టిక, అంటే రోస్టర్, మన టైమ్‌లో, లాగ్‌బుక్ యూటీసీలో ఉంటే తేదీ ఒకరోజు వెనక్కి పోతుంది. పక్కపక్కన పెట్టి చూసేవాళ్లకు అది తప్పుడు ఎంట్రీలా కనిపిస్తుంది. ఏదో ఒకటే పద్ధతి పాటించి, మొదటి పేజీలో ఆ సంగతి రాసిపెట్టండి. కెప్టెన్ పర్యవేక్షణలో పీ1గా (కెప్టెన్ పాత్రలో) నడిపిన గంటలను అసలు పీఐసీ గంటల్లో, అంటే మీరే కెప్టెన్‌గా నడిపిన గంటల్లో కలపొద్దు, వాటికి ఫారంలో వేరే గడి ఉంటుంది. సిమ్యులేటర్ గంటలు కూడా మొత్తంలో కలవవు.

తర్వాత పేరు. మన సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఒకచోట పూర్తిగా, ఒకచోట చివర్లో ఉంటుంది. పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో డీజీసీఏ (మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ) ఇచ్చే లైసెన్స్‌లోనూ అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. అక్కడి అధికారులు లైసెన్స్ నిజమా కాదా అని డీజీసీఏని అడుగుతారు. పేరు కలవకపోతే ఎక్కడి గొంగళి అక్కడే.

యూఏఈకి అపోస్టిల్ ముద్ర (విదేశాల్లో చెల్లడానికి మన విదేశాంగ శాఖ వేసే ఒకే ముద్ర) సరిపోదు. సర్టిఫికెట్లకు ముందు రాష్ట్ర ప్రభుత్వ అటెస్టేషన్, ఆ తర్వాత విదేశాంగ శాఖ, ఆపైన యూఏఈ ఎంబసీ, చివరికి అక్కడికి వెళ్లాక వాళ్ల విదేశాంగ శాఖ. ఈ వరస తప్పితే మళ్లీ మొదటికే రావాలి. పోలీస్ క్లియరెన్స్ మాత్రం ఆఖర్న తీసుకోండి, ముందే తీసుకుంటే పాతబడిపోతుంది. పైలట్ మెడికల్ వేరు, రెసిడెన్స్ వీసా మెడికల్ వేరు. వీసా మెడికల్‌లో టీబీ కోసం ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. అందుకే ఇక్కడే ఒక ఎక్స్‌రే తీయించి ఊపిరితిత్తుల డాక్టర్‌కి చూపించుకోవడం మేలు.

రాజీనామా విషయంలో తొందరపడొద్దు. డీజీసీఏ 2017లో తెచ్చిన నిబంధన ప్రకారం నోటీసు గడువు కమాండర్లకు ఏడాది, కో-పైలట్లకు ఆరు నెలలు. పాత కంపెనీ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కూడా కావాలి. ఆఫర్ లెటర్‌లో చేరే తేదీ ఈ గడువుకి సరిపోతుందో లేదో సంతకానికి ముందే మాట్లాడుకోవాలి.

ఇక సిమ్యులేటర్. కంపెనీని బట్టి మారుతుంది గానీ ఆటోపైలట్, ఫ్లైట్ డైరెక్టర్ (ఎటు తిప్పాలో తెరమీద చూపే గీతలు), ఆటోథ్రస్ట్ (ఇంజిన్ శక్తిని తానే సర్దేది) మూడూ తీసేసి నడపమనడం మామూలే. 3 డిగ్రీల గ్లైడ్‌స్లోప్ (రన్‌వేకి దిగే వాలు దారి) మీద గ్రౌండ్ స్పీడ్‌ని (నేలతో పోల్చిన వేగాన్ని) 5తో గుణిస్తే దిగాల్సిన రేటు వస్తుంది: 140 నాట్లకు నిమిషానికి 700 అడుగులు. ఎదురుగాలితో గ్రౌండ్ స్పీడ్ 120కి తగ్గితే 600 చాలు. ఎయిర్‌బస్ ఏ320లో వీ1 (ఇక టేకాఫ్ ఆపకూడని వేగం) దాటాక ఒక ఇంజిన్ పోతే ముక్కు 15 డిగ్రీలకు కాదు, 12.5కి ఎత్తాలి. అలవాటుకొద్దీ 15కి లాగితే స్పీడ్ వీ2 (ఒక ఇంజిన్‌తో భద్రంగా ఎక్కడానికి కావాల్సిన వేగం) కిందకి జారుతుంది. ముందు రడ్డర్‌తో దిశ నిలబెట్టండి, రెక్కల సంగతి ఆ తర్వాత. ఏం చేస్తున్నారో పక్క సీటువాళ్లకి పైకి చెబుతూ ఉండండి, ఎగ్జామినర్ కాగితం మీద దానికీ మార్కులుంటాయి.