లాటరీ తగిలాక అసలు లెక్క

2023లో మా బావ, ఆయన స్నేహితులు కలిసి మద్యం దుకాణానికి దరఖాస్తు వేశారు. తెలంగాణలో 2,620 దుకాణాలకు లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు. ఒక్కో దరఖాస్తుకు 2 లక్షలు; లాటరీలో పేరు రాకపోతే గోవిందా. వీళ్లకు తగిలింది. లెక్కలు చూసే పని నా మెడకు చుట్టారు.

"ఇంకేం, లక్ష్మీదేవి తలుపు తట్టింది" అన్నారు చుట్టాలు. లైసెన్సు రెండేళ్లే. ఎక్సైజ్ పన్ను ఊరి జనాభాను బట్టి ఏడాదికి 50 లక్షల నుంచి కోటీ పది లక్షల దాకా. ప్రభుత్వ డిపోలో ముందు డబ్బు కడితేనే సరుకు. సీసా మీది ధరకే అమ్మాలి, ప్రకటనలు వేయడానికి లేదు. మరి పోటీ ఎందులో? చల్లదనంలో! ఎండాకాలంలో బీరు గోరువెచ్చగా ఉంటే మనిషి మారు మాట్లాడకుండా పక్క దుకాణానికి నడుస్తాడు. మార్చిలోనే ఇంకో రెండు ఫ్రిజ్‌లు కొనమని పోరాను. కరెంటు బిల్లు చూసి బావ మొహం చిట్లించారు కానీ, అమ్మకాలు చూసి ఊరుకున్నారు.

2025లో దరఖాస్తు రుసుము 3 లక్షలైంది. బావ మళ్లీ వేద్దామన్నారు. రెండేళ్లుగా అర్ధరాత్రి భోజనాలు వడ్డించిన అక్క ఒప్పుకోలేదు.