900 మిల్లీలీటర్లు యాడ పోయినట్టు?

పదకొండు దాటింది. బయట ముసురు పట్టి ఉంది, కరెంటు ఉంది, దోమలు కూడా లేవు. నిద్రపోవడానికి ఏ అడ్డమూ లేదు, ఆయిలు లెక్క ఒక్కటే తేలలేదు. "మళ్ళీ ఆ బండేనా?" అని లోపల్నించి కేక. ఆ బండే.

బామ్మర్ది ఒంగోల్లో బేరమాడి కొన్న పాత ఆటోమేటిక్ ఫోర్ వీలు బండి, గేరు సరిగ్గా పట్టట్లేదు. పోయిన నెలంతా ఇదే గోల రాశాను గదా, మళ్ళీ మొదట్నించి చెప్పను. ఇవాళ గేర్‌బాక్సు లెవెలుకి రావడానికి 1.6 లీటర్లు తాగింది. దాని వెనకుండి, ముందు వెనక చక్రాలకి బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు విప్పితే, ఉండాల్సిన 1.4 లీటర్లకి బదులు 2.1 వచ్చింది. అదీ ఎర్రగా, పలచగా. చిక్కటి గేరు ఆయిలు ఉండాల్సిన చోట ఎర్రటి ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిలు, కనపడిందంటే, రెండిటికీ మధ్య షాఫ్టు మీదుండే సీలు పోయినట్టే. ముందు బాక్సులోది వెనక దాంట్లోకి జారుకుంటా ఉంటది. నేల మీద చుక్క పడదు కాబట్టి లీకు ఉందని ఎవురికీ అనుమానం రాదు. ఇంతవరకు బాగానే ఉంది. 1.6లోంచి 0.7 తీసేస్తే 0.9. ఆ తొమ్మిది వందల మిల్లీలీటర్లు యాడ పోయినట్టు?

బామ్మర్ది ముందు చూపించిన చోట స్కానర్ పెట్టి, పి0700, పి0730 అని రెండు కోడ్లు చూసి, "గేర్‌బాక్సు పోయింది, లక్షా అరవై అవుద్ది" అన్నారంట. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. పి0700 రోగం పేరు కాదు. గేర్‌బాక్సు కంప్యూటరు "నా దగ్గరేదో ఉంది, లైటు వెయ్యి" అని ఇంజను కంప్యూటర్ని అడిగిందని అర్థం, అంతే. పి0730 అంటే గేరు నిష్పత్తి కుదరలేదని. లోపల టర్బైను (ఇంజను బలాన్ని బాక్సులోకి అందుకునే చక్రం) ఎన్ని చుట్లు తిరుగుతోందో ఒక సెన్సరు చెప్తది, బయటికి పోయే షాఫ్టు చుట్లు ఇంకోటి చెప్తది. మూడో గేరు నిష్పత్తి 1.5 అనుకుందాం. బయట 1500 ఉంటే లోపల 2250 ఉండాలి. 2600 ఉంటే కోడ్ పడతది. క్లచ్ ప్లేట్లు కాలినా పడతది, ఆయిలు చాలకపోయినా పడతది, సెన్సరు చెడినా, దాని వైరు పిన్ను పచ్చబడినా పడతది. కంప్యూటరుకి తెలిసిందల్లా తేడా ఒక్కటే. ఆ నాలుగింట్లో ఏదో తేల్చాల్సింది మనిషి. ఆ పని చెయ్యకుండా బాక్సు దించమంటే ఎట్టా?

పైగా ఆ షెడ్డులో ఎవురూ ఆయిలు లెవెలు చూడలేదు. ఎందుకంటే దీనికి డిప్‌స్టిక్ లేదు. డిప్‌స్టిక్ లేకపోతే "సీల్డు బాక్సు, ఆయిలు చూడక్కర్లేదు" అని ఒక మాట పట్టుకున్నారు అందరూ. చూడక్కర్లేదని కాదు నాయనా, చూడటం కష్టం అని. బండి నాలుగు పక్కలా సమంగా లేపాలి. ఇంజను నడవాలి. లీవరు ఒక్కో స్థానంలో రెండు మూడు సెకన్లు ఆపుతా పీ (పార్క్) నుంచి డీ (డ్రైవ్) దాకా తీసకపోయి మళ్ళా పీకి తేవాలి. స్కానర్లో ఆయిలు వేడి ఆ బాక్సుకి చెప్పిన గీతల మధ్య ఉండాలి, దీనికైతే 35 నుంచి 45 డిగ్రీలు. అప్పుడు లెవెలు బోల్టు విప్పితే సన్నటి దారంలాగా కారి, తర్వాత చుక్కలకి రావాలి. ఏమీ రాకపోతే తక్కువున్నట్టు. ఇంజను ఆపి చూస్తే కన్వర్టర్లోది (ఇంజను బలాన్ని ఆయిలు ద్వారా బాక్సుకి అందించే డబ్బా అది) కొంత కిందికి దిగి, లేని ఆయిలు ఉన్నట్టు కనపడతది. ఇంకోటి, పోసే బోల్టు ముందు ఊడుతుందో లేదో చూసుకోకుండా కింది బోల్టు ముట్టుకోకూడదు. కింద ఖాళీ చేశాక పైది తుప్పుపట్టి రాకపోతే బండి అక్కడే కూర్చుంటది.

బామ్మర్ది చెప్పిన ఒక్క ముక్కలోనే సగం రోగం ఉంది నిజానికి. "పొద్దున్నే డీలో వేస్తే మూడు లెక్కపెట్టినాక కదులుద్ది బావా. గుంటల గట్టు మలుపు తిరిగేటప్పుడు, బ్రేకు కొట్టి మళ్ళా రేసు ఇచ్చినప్పుడు ఇంజను ఊరికే అరస్తది." మలుపులో, బ్రేకులో! క్లచ్ ప్లేట్లు అరిగిన బండికి మలుపూ తిన్నని రోడ్డూ అనే తేడా ఉండదు, బరువు పడ్డప్పుడల్లా జారుద్ది. మలుపులో మాత్రమే జారిందంటే ఛాంబరులో, అంటే బాక్సు కింది తొట్టిలో, ఆయిలు ఒక పక్కకి ఒరిగి, ఫిల్టరు మూతి గాలి పీల్చిందని. పంపులోకి గాలి పోతే ఒత్తిడి పడిపోద్ది, ఒత్తిడి లేకపోతే మంచి ప్లేట్లు కూడా పట్టవు. మంచి బాక్సు అయితే డీలో వేసినాక సెకను, సెకనున్నరలో పట్టాలి. పొద్దున చల్లటి బండి మీద అది ఒక్కటి లెక్కపెట్టుకున్నా బేరం దగ్గరే తెలిసేది. వీడు పోయేసరికి వాళ్ళు బండి స్టార్టు చేసి ఏసీ వేసి రెడీగా పెట్టారంట. "మర్యాదగా పెట్టారు బావా" అంటాడు. బానెట్టు మీద చెయ్యి పెట్టి వేడిగా ఉంటే టీ తాగి ఇంటికొచ్చి, చెప్పకుండా మర్నాడు పొద్దున్నే పోవాలిరా అంటే వినడు.

లెవెలు తెలియకముందే స్టాల్ టెస్టు చేద్దామన్నాడు మా కుర్రాడు. చక్రాలకి చెక్కలు పెట్టి, రెండు బ్రేకులూ బిగబట్టి, డీలో ఫుల్ రేసు, ఐదు సెకన్లకి మించకుండా. డీలోనూ ఆర్‌ (రివర్స్)లోనూ ఇంజను చుట్లు ఎక్కువొస్తే ఒత్తిడో ఆయిలో తక్కువ, ఒక్కదాంట్లోనే ఎక్కువొస్తే ఆ గేరు క్లచ్చి, రెండిట్లోనూ తక్కువొస్తే ఇంజనో కన్వర్టరో. మంచి పరీక్షే, కానీ ఆయిలు తక్కువున్న బాక్సుకి ఇది చేస్తే, అప్పటిదాకా బాగున్న ప్లేట్లు కూడా మన చేతుల్తోనే కాలిపోతాయి. వద్దన్నాను.

ఆయిలు రంగు కొంచెం ముదిరింది, మాడు వాసన లేదు. ఒక గుడ్డ మీద చుక్క వేసి చూశా, నల్ల పొడి లేదు. రేడియేటరు సీసాలో నూనె జిడ్డు లేదు. అది ముఖ్యం, ఎందుకంటే ఏటీఎఫ్ చల్లబడే గొట్టం రేడియేటరు లోపల్నించే పోతది. అది చిల్లిపడితే రెండూ కలిసి రోజ్‌మిల్కు రంగులోకి వస్తాయి. అప్పుడు మాత్రం లక్షా అరవైకి నేనూ తల ఊపుతా, నీళ్ళు తగిలితే క్లచ్ ప్లేట్ల మీది లైనింగు ఊడిపోద్ది.

చీమకుర్తి క్వారీ బండి గుర్తొచ్చింది ఇది రాస్తుంటే. ఆగేటప్పుడు వెనకనించి ఎవురో తన్నినట్టు "ధన్" మని ఒక దెబ్బ. బాక్సు రెండో గేరు నించి ఒకటికి దిగేటప్పుడు కొడతాందని ఒకాయన తేల్చాడు. దించారు, ప్లేట్లు మార్చారు, సాలినాయిడ్లు మార్చారు, ఎక్కించారు. అదే దెబ్బ. ఇంకో ఆయన వాల్వ్ బాడీ అన్నాడు, అదీ అయింది. అదే దెబ్బ. ఆఖరికి చూస్తే, వెనక ఇరుసుకి పోయే జాయింట్ షాఫ్టు జారే చోట, ఆ పళ్ళ మధ్య, గ్రీజు అనేదే లేదు. రాతి పొడి చేరి గట్టిపడి ఉంది. బండి ఆగేటప్పుడు వెనక ఇరుసు కదిలితే షాఫ్టు మెత్తగా జారాల్సింది పోయి, పట్టుకుని ఒక్కసారిగా వదులుతోంది. గ్రీజు నాలుగు పంపులు. ఫోర్ వీలు బండిలో గేర్‌బాక్సు మీద పడే నిందల్లో సగం దాని వెనకున్న వాటివే. క్రాసులు (షాఫ్టు కీళ్ళు), షాఫ్టు, ట్రాన్స్‌ఫర్ చైను, ఆఖరికి టైర్లు కూడా. ముందు రెండు కొత్తవి వెనక రెండు బోడివి వేసుకుని, ఎండిన తారు మీద ఫోర్ హైలో (నాలుగు చక్రాలకీ బలం పోయే గేరులో) తిప్పితే ముందిరుసూ వెనకిరుసూ ఒకదాన్నొకటి మెలిపెట్టుకుని, మలుపులో బండి గుంజతది. బాక్సు పట్టేసిందంటారు.

ఏది యాడుందో విడదీయడానికి ఒక సులువుంది. ట్రాన్స్‌ఫర్‌ని న్యూట్రల్లో పెట్టి, గేర్‌బాక్సు డీలో వెయ్యండి. ఇంజను, బాక్సు తిరుగుతాయి, షాఫ్టులు తిరగవు. శబ్దం ఇంకా ఉంటే ఇంజన్లోనో బాక్సులోనో, ఆగిపోతే ట్రాన్స్‌ఫర్ నించి వెనక్కి. అయితే ఆ పనికంటే ముందే చక్రాలకి రెండు పక్కలా చెక్కలు పెట్టాలి. ట్రాన్స్‌ఫర్ న్యూట్రల్లో ఉంటే గేర్‌బాక్సు పీలో ఉన్నా బండి ఆగదు, ఎందుకంటే పీ పట్టుకునేది బాక్సు షాఫ్టుని, చక్రాన్ని కాదు. ఇది తెలియక బండ్లు దొర్లినాయి. ఆ క్వారీ బండికి ఈ పని పది నిమిషాలు చేసుంటే... సర్లే. ఎవురి డబ్బో, నేనెందుకు ఏడవడం.

మళ్ళీ 900కి వస్తా. సాయంత్రం దాకా సీలే అని గట్టిగా ఉన్నాను. బామ్మర్దికి చెప్పేశాను కూడా: గేర్‌బాక్సు దించక్కర్లేదు, వెనక ట్రాన్స్‌ఫర్ ఒక్కటి దించితే సీలు దొరుకుద్ది, ఒక రోజు పని అని. వాడు ఎగిరి గంతేశాడు. కానీ సీలు 0.7కి జవాబు చెప్తది గానీ 1.6కి చెప్పదు గదా.

మొదట నా తప్పు చూసుకున్నా. గుంటల్లో మేత వేసే టైము అయిందని బామ్మర్ది తొందర పెడితే 30 డిగ్రీల దగ్గరే లెవెలు చూశాను, 40 దాకా ఆగలేదు. ఆయిలు చల్లగా ముడుచుకుని ఉంటే కొంచెం ఎక్కువ పడతది. ఎంత? పది లీటర్ల ఆయిలు డిగ్రీకి ఎనిమిది మిల్లీలీటర్ల లెక్కన వ్యాకోచిస్తది, పది డిగ్రీలకి 80. రేపు వేడిగా చూసి ఆ 80 దించేస్తా. ఇంకా 820 ఉంది.

ఇందాక అన్నం దగ్గర వాడిచ్చిన పాత బిల్లులు తిరగేస్తుంటే ఒకటి దొరికింది. బండి అమ్మకముందు చేయించిన సర్వీసు. ఫిల్టరు ఒకటి, ఛాంబరు ప్యాకింగు ఒకటి, ఏటీఎఫ్ లీటరు డబ్బాలు నాలుగు. నాలుగు! ఛాంబరు దించి ఫిల్టరు మారిస్తే ఈ బాక్సులోంచి నాలుగున్నర దాకా వస్తది. ఐదో డబ్బా విప్పితే సగం మిగులుద్ది, మిగిలిన సగం ఎవురికి కావాలి? నాలుగుతో సరిపెట్టారు. లెవెలు బోల్టు ఎవురూ విప్పలేదు. అంటే బండి ఒంగోలు నించి బయల్దేరినప్పుడే అరలీటరు తక్కువ. మోసం అని రాద్దామనుకుని, రాసి, కొట్టేశాను. మోసం కాదనిపిస్తోంది ఇప్పుడు. మోసం చేసేవాడు ఫిల్టరు ఎందుకు మారుస్తాడు? మంచే చెయ్యబోయారు, కొలవలేదు.

ఆ నాలుగు లీటర్లు కూడా ఏ రకమో బిల్లులో లేదు, అది ఇంకో మంట. డెక్స్‌రాన్-3 చిక్కన, డెక్స్‌రాన్-6, మెర్కాన్ ఎల్వీ లాంటివి పలచన. అన్నీ ఎర్రగానే ఉంటాయి కాబట్టి రంగు చూసి పొయ్యకూడదు. తప్పుడుది పడితే అరవై డెబ్భై స్పీడులో కన్వర్టరు లాకయ్యేటప్పుడు, వరసగా చిన్న చిన్న బంపుల మీద పోయినట్టు వణుకుద్ది. ఆ వణుకొచ్చినప్పుడు రేసు అట్టాగే పట్టి ఎడం కాలితో బ్రేకు పెడలు మీద ఊరికే ఆనించండి. లాకు వదిలి వణుకు ఆగితే కన్వర్టరుదే, ఆగకపోతే ఇంజనో టైరో. దీనికి వణుకు లేదు, అదొక్కటీ అదృష్టం. అయినా మొత్తం మార్పించాలి. ఫ్లష్ మిషను వద్దు, పాత బాక్సులో అడుగు మడ్డి లేపి వాల్వుల్లో ఇరికిస్తది. పది లీటర్లలో నాలుగు దించి నాలుగు పోస్తే 40 శాతం కొత్తది. కొంచెం తిప్పి మళ్ళీ చేస్తే 64, మూడోసారికి 78. అది చాలు. మొదటిసారి ఛాంబరు దించి అయస్కాంతాలు చూడాలి. కాటుక లాంటి మెత్తటి మడ్డి ఉంటే మామూలే, గోరుకి గుచ్చుకునే ముక్కలుంటే అప్పుడు మళ్ళీ కూర్చుని మాట్లాడుకోవాలి.

820లో 500 పోతే 320. అది ట్రాన్స్‌ఫర్ గాలి గొట్టంలోంచి పోయుండాలి. నిండా ఎక్కువైన ఆయిల్ని చైను చిలికితే నురగై పైకి తన్నుద్ది. కేసు నెత్తిన దుమ్ము తడిగా అంటుకుని ఉండటం చూశాను కూడా, పాత ఇంజనాయిలు అనుకుని గుడ్డతో తుడిచేశాను. ఆ గుడ్డ ఎర్రగా ఉందో నల్లగా ఉందో రేపు షెడ్డులో వెతకాలి.

అయితే సీలు ఇప్పుడే మార్చాలా? ఆ 0.7 జారడానికి రెండు నెలలు పట్టిందో రెండేళ్ళు పట్టిందో తెలియకుండా ట్రాన్స్‌ఫర్ దించడం కూడా, కోడ్ చూసి బాక్సు దించినట్టే అవుద్ది. రేపు రెండిట్లోనూ కొలిచి పోసి, గాలి గొట్టం ఊది, ఐదు వందల కిలోమీటర్లు తిరగమంటా. మళ్ళీ ట్రాన్స్‌ఫర్ లెవెలు బోల్టు విప్పితే పొంగి కారితే సీలు మారుస్తా, లేకపోతే ఆర్నెల్లు ఆగొచ్చు. అంతవరకు మైపాడు బీచి ఇసకలోకి పోవద్దని, గుంటల నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరేటర్ల ట్రైలరు కట్టొద్దని చెప్పాలి. వినడు. తాళం నా దగ్గరే పెట్టుకుంటా.

ఆ గుడ్డ మాత్రం కుర్రాడు పారెయ్యకుండా ఉంటే బాగుండు.