ఎండర్బీ దీవిలో దిగాలంటే జేబులు తిరగేయాలి

న్యూజిలాండ్ దక్షిణ కొసన సౌత్‌లాండ్‌లో ఒక డెయిరీలో పని చేస్తున్నాను. ఇక్కడికి దక్షిణాన, నడిసముద్రంలో ఉన్న ఆక్లాండ్ దీవులు, వాటిలోనూ ఎండర్బీ అనే చిన్న దీవి చూడాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక. డబ్బు కూడబెట్టుకుని బ్లఫ్ రేవు నుంచి వెళ్ళే ఓడలో టికెట్ తీసుకున్నాను. దీవి మీద కాలు పెట్టనిచ్చే తతంగం ఆ తర్వాత మొదలైంది.

అక్కడికి 465 కిలోమీటర్లు. 1998 నుంచి ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్న చోటు. అందరూ ‘డాక్’ అని పిలిచే పరిరక్షణ శాఖ పర్మిట్ ఇవ్వనిదే ఎవరూ దిగకూడదు. పర్మిట్ పని ఓడవాళ్ళే చూసుకున్నారు. నాకు మాత్రం పెద్ద చిట్టా పంపారు: బూట్లు, బ్యాగు కుట్లు, ప్యాంటు మడతలు, కెమెరా స్టాండు, అన్నీ కడిగి, దులిపి, వాక్యూమ్ పట్టి తేవాలి. పశువుల దగ్గర పని చేస్తానని రాశాను కాబట్టి పేడలో తిరిగిన బూట్ల జోలికే పోకుండా కొత్తవి కొన్నాను.

అయినా ఓడలో టెన్షనే. టేబుల్ మీద తెల్ల కాగితం పరిచి, టార్చి వేసి, ఒక్కో జేబూ తిరగేస్తున్నారు. మన పొలం గట్ల మీద ఉత్తరేణి గింజలు బట్టలకు పట్టినట్టు, ఇక్కడి గడ్డి గింజలు వెల్క్రోలో దూరితే ఓ పట్టాన రావు. నా జాకెట్ మణికట్టు పట్టీలోంచి చెక్ చేసే అమ్మాయి ట్వీజర్‌తో ఒకటి లాగింది. సన్నగా, చివర వెంట్రుకంత తోక. దాన్ని టేపుకు అంటించి పక్కన పెట్టింది. ఒక్క మాటా అనలేదు, మళ్ళీ మొదటి జేబు నుంచి మొదలుపెట్టింది. ఆఖరికి సంతకం. దిగే ముందు మందు నీళ్ళలో బూట్లు ముంచడం, తిండి ఏదీ తీసుకెళ్ళకపోవడం సరేసరి.

ఇంత పట్టుదల ఎందుకో దిగాక అక్కడి కథ వింటే తెలుస్తుంది. ఓడ పగిలి ఒడ్డుకు చేరినవాళ్ళకు తిండి ఉండాలని, కాపురం పెట్టినవాళ్ళకు పనికొస్తాయని ఈ దీవుల్లో పందుల్నీ మేకల్నీ కుందేళ్ళనూ వదిలారు. ఎండర్బీలో కుందేళ్ళు 1865లోనే దిగాయి, ఆవులు 1890ల్లో. మనుషులు వెళ్ళిపోయారు, పశువులు మిగిలాయి. పెద్దపెద్ద ఆకులతో, ఊదా, పసుపు పూలతో ఉండే అక్కడి మొక్కల్ని మేసేశాయి. మేత చాలక ఆవులు సముద్రపు నాచు కూడా తిన్నాయట. సీల్ లాంటి సముద్ర జంతువులైన సీ లయన్ల పిల్లలు కుందేళ్ళ బొరియల్లో ఇరుక్కుని చచ్చిపోయేవి. 1993 నాటికి ఆవుల్ని కాల్చి, కుందేళ్ళనూ చంపి, పూర్తిగా తీసేశారు. మిగిలిన ఒకే ఒక్క ఆవును ప్రాణాలతో పట్టి తెచ్చి ‘లేడీ’ అని పేరు పెట్టారు. 1998లో దాని కణాల నుంచి క్లోన్ దూడను పుట్టించారు.

ఈ సంగతి అమ్మకు ఫోన్లో చెబితే, ‘‘ఆవుల్ని కాల్చేశారా? పాపం తగలదట్రా?’’ అంది. నేనూ రోజూ పాలు పితికే మనిషినే, నాకూ తేలిగ్గా మింగుడుపడలేదు. కానీ శాండీ బే ఒడ్డున సీ లయన్ల గుంపునూ, దాని వెనక మళ్ళీ మొలిచిన పసుపు పూల తివాచీనీ చూశాక, తీసేయడమే సరైన పని అనిపించింది. ఆవులు ఉండటానికి చోట్లు బోలెడు. ఈ సీ లయన్లు పిల్లల్ని కనడానికి మిగిలిన చోట్లు చాలా తక్కువ. జంతువులకు దూరంగా ఉండాలన్నారు. ఆ రూలు వాటికి తెలియదు కదా, ఒకటి తిన్నగా నా మీదికే నడిచొచ్చింది. నేనే వెనక్కి జరిగాను.

ఎదురుగా కనిపించే పెద్ద ఆక్లాండ్ దీవిలో మాత్రం పందులు ఇంకా ఉన్నాయి. మొదటివి 1807లో వదిలినవి. నేల తవ్వి దుంపలు, బొరియల్లోని పక్షి పిల్లలు, ఏది దొరికితే అది తింటాయి. పందులు ఎక్కలేని కొండ అంచులే అక్కడ ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్ర పక్షులకు దిక్కు. పందులు, పిల్లులు, చిట్టెలుకలు, అన్నిటినీ తీసేసే ప్రణాళిక ఉంది గానీ, 46 వేల హెక్టార్ల దీవి, ఖర్చు మామూలుగా ఉండదు.

తర్వాత క్యాంప్‌బెల్ దీవి. 1931లో గొర్రెల ఫారం మూసేసి మందను అలాగే వదిలి వెళ్ళారు. 1970లో దీవికి అడ్డంగా కంచె కట్టి ఒక వైపు గొర్రెల్ని తీసేశారు. ఆ వైపు పచ్చదనం తిరిగి రావడం చూసి మిగతావీ తీశారు. 2001లో 120 టన్నుల మందు ఎర చల్లి ఎలుకల పని కూడా పట్టారు. అక్కడ దిగే ముందు మళ్ళీ అదే టేబుల్, అదే టార్చి. వెళ్ళాలనుకునేవాళ్ళు వెల్క్రో లేని జాకెట్ కొనుక్కోండి, పొడుగు సాక్సు మాత్రం వద్దే వద్దు, ఆ అల్లికలోంచి గింజలు ఏరలేక చేతులు పడిపోతాయి.