తొంభై దాటించే పాట

టోక్యోలోని ఎదొగావా వార్డులో, మన దేశస్థులు ఎక్కువగా కనిపించే నిషికసాయిలో నేను అద్దెకుంటున్నాను. స్టేషను దగ్గర కరావోకే గదులున్నా మొదటి ఏడాది వాటి గడప తొక్కలేదు. ఆఫీసువాళ్ల సంవత్సరాంతపు విందు ముగిశాక సహోద్యోగినులు బలవంతపెడితే తొలిసారి వెళ్లాను. చిన్నప్పుడు తొమ్మిదేళ్ల పాటు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాననే ధీమాతో, రోజూ రైలులో వింటూ మురిసిపోయే ఒక పాటను ఎంచుకుని పాడితే యంత్రం 76 మార్కులు వేసింది. నా తరువాత, పక్క బల్ల దగ్గర కూర్చుని మాట్లాడినా వినపడీ వినపడనట్లుండే గొంతు గల సహోద్యోగిని ఒక పాత బడిపాట పాడి 93 తెచ్చుకుంది. ఆవిడ నాకన్నా బాగా పాడిందని ఇప్పటికీ ఒప్పుకోను గానీ, పాటను ఎంచుకోవడంలో నన్ను మించిందని ఆ రాత్రే తెలిసిపోయింది.

జపాను కరావోకే గదుల్లో ప్రధానంగా రెండు రకాల యంత్రాలు ఉంటాయి. ఒకటి దాయిచి కోషో సంస్థవారి డామ్, రెండవది ఎక్సింగ్ సంస్థవారి జాయ్‌సౌండ్. మార్కులు వేసే తీరు రెండింటికీ ఒకటి కాదు. నాకు అలవాటైనది డామ్ కనుక దాని గురించే రాస్తున్నాను. పాట మొదలు కాగానే, ఏ అక్షరం ఏ స్వరం మీద ఎంతసేపు నిలవాలో చూపే అడ్డగీతలు తెర మీద కదులుతాయి. మన గొంతు సరిగ్గా పడితే ఆ గీత రంగుతో నిండుతుంది. పాట అయ్యాక స్వరం, నిలకడ, భావప్రకటన, లయ, కంపనంతో కలిపి దీర్ఘస్వరం అనే ఐదు అంశాలను ఐదు మూలల పటంగా చూపించి, వందకు ఎంత వచ్చిందో మూడు దశాంశ స్థానాల దాకా చెబుతుంది. 2019లో వచ్చిన యంత్రంలో కృత్రిమ మేధను కూడా చేర్చారు, కానీ నా అనుభవంలో బరువంతా స్వరం మీదే ఉంటుంది. మాటల అర్థం దానికి పట్టదు, ఉచ్చారణ అసలే పట్టదు. సాహిత్యం చదవలేక లాలాలతో సరిపెట్టినా గీతలు నిండుతాయి. నావంటి పరదేశికి ఇది పెద్ద ఊరట.

కాబట్టి స్త్రీలు పాటను ఎంచుకునేటప్పుడు ముందుగా చూడవలసింది దాని స్థాయి, అంటే వరుస ఎంత ఎత్తుకు, ఎంత లోతుకు వెళుతుందన్నది. ఇక్కడివారు పాటల పట్టికల్లో ప్రతి పాట పక్కన అందులోని అతి పై స్వరాన్ని రాసుకుంటారు. 440 హెర్ట్జుల స్వరాన్ని హై ఎ అనీ, దానికి మూడు మెట్లు, అంటే మూడు అరస్వరాలు, పైనున్న దాన్ని హై సి అనీ అంటారు. నేను పాడేది ఐదున్నర శ్రుతి, అంటే నా షడ్జం జి షార్ప్, కనుక హై ఎ నాకు తారస్థాయి శుద్ధ రిషభం, హై సి తారస్థాయి అంతర గాంధారం. చాలామంది స్త్రీలకు మామూలు గొంతు ఆగిపోయి దొంగగొంతు, అంటే పలచని పై గొంతు, అందుకోవలసిన ఇరుకు ఇంచుమించు ఈ రెండింటి నడుమనే ఉంటుంది. ఎప్పుడో ఒకసారి ఆ ఎత్తుకు వెళ్లి దిగిపోయే పాటతో ఇబ్బంది లేదు. మకుటం యావత్తూ ఆ ఇరుకులోనే తిరిగే పాటను ఎంచుకుంటే మాత్రం, స్వరాన్ని అందుకున్నామని మనకు అనిపిస్తూనే పావు మెట్టు కిందుగా పాడుతూ ఉంటాము, తెర మీద గీతలు ఒక్కొక్కటే ఖాళీగా వెళ్లిపోతుంటాయి. నా 76 వెనుక కథ ఇదే.

రిమోట్ పలక మీద ఒక్కొక్క మెట్టు చొప్పున శ్రుతిని దించుకునే, పెంచుకునే బొత్తాలుంటాయి. గీతలు కూడా శ్రుతితో పాటే జరుగుతాయి కనుక దీనివల్ల మార్కులు తగ్గవు. అసలు శ్రుతిలోనే పాడాలన్న పట్టుదల ఇక్కడి కుర్రకారులో బాగా ఉంది, దించుకోవడం నామోషీ అనుకుంటారు. శ్రుతిపెట్టె సరిచూసుకోకుండా మా గురువుగారు ఏనాడూ నోరు విప్పింది లేదు కనుక నాకా పట్టింపు లేదు. అయితే మూడు మెట్లు దించితే పైభాగం సుఖంగా ఉన్నా, చరణంలోని కింది స్వరాలు మంద్రంలోకి జారిపోయి గాలి తప్ప గొంతు వినపడని పరిస్థితి వస్తుంది, యంత్రం దానిని స్వరంగా గుర్తించదు. అందుచేత పై స్వరాన్ని ఒక్కదాన్నే కాక కింది స్వరాన్ని కూడా చూసి, రెండింటి మధ్య దూరం ఒక స్థాయికి, అంటే స నుంచి పై స దాకా ఉండే దూరానికి, కొంచెం మించి ఉన్న పాటను తీసుకోవడం మేలు.

మగవారి పాటల సంగతి వేరు. ఒక స్థాయి పైన పాడినా, కింద పాడినా యంత్రం దానిని సరైన స్వరంగానే లెక్కిస్తుంది. కానీ అసలు శ్రుతిలో పాడబోతే పై స్థాయి మరీ ఎత్తు, కింది స్థాయి మరీ లోతు. నాలుగైదు మెట్లు పెంచి గాయకుడి స్థాయిలోనే పాడితే చాలావరకు కుదురుతుంది.

స్థాయి కుదిరాక వేగం చూడాలి. మాటలు దడదడ పరుగెత్తే పాటల్లో గీతలు చిన్న చిన్న ముక్కలుగా ఉంటాయి, ఒక్కటి తప్పితే వెంట నాలుగు పోతాయి. కంప్యూటరు గొంతు కోసం కట్టిన వోకలాయిడ్ పాటల్లో ఊపిరి తీసుకునే చోటే దొరకదు. నెమ్మదిగా నడిచి, ప్రతి పాదం చివర నాలుగు దెబ్బల పాటు స్వరాన్ని నిలబెట్టనిచ్చే పాటలైతే దీర్ఘస్వరానికీ కంపనానికీ రావలసిన మార్కులు వాటంతట అవే వస్తాయి. నేను మాత్రం ఇక్కడ కూడా మొదట దెబ్బతిన్నాను. నిలపవలసిన చోట నా గొంతు అలవాటు కొద్దీ గమకం వేసేది, గాంధారాన్ని ఊపేది. తెర మీద నా గీత పాములాగా మెలికలు తిరిగి నిలకడ మార్కును మింగేసేది. కింది నుంచి జారి స్వరాన్ని అందుకోవడాన్ని షకురి అనీ, స్వరాన్ని ఒక్క క్షణం తిప్పి విడవడాన్ని కొబుషి అనీ పేర్లు పెట్టి ఈ యంత్రం లెక్కపెడుతుంది, కానీ అవి నిలబడిన స్వరానికి నగల వంటివి. స్వరాన్ని ముందు కదలకుండా పట్టి, సగం గడిచాక మాత్రమే ఊపడం నేర్చుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది.

ఆనాడు నా సహోద్యోగిని పాడిన బడిపాట పేరు ఫురుసాతో, అంటే సొంతూరు. 1914లో ప్రాథమిక పాఠశాలల ఆరవ తరగతి పాటల పుస్తకంలో వచ్చింది. మూడు దెబ్బల నడక, ఇంచుమించు ఒక స్థాయిలో ఒదిగిపోయే వరుస, ఎక్కడా తొందర లేదు. స్త్రీలు శ్రుతిని ఒకటి రెండు మెట్లు సర్దుకుంటే గొంతు ఇబ్బంది పడే చోటే ఉండదు. నాకు తొలిసారి 90 దాటించినదీ అదే. దాని తరువాత నేను చెప్పేది ఇషిగాకి దీవికి చెందిన నత్సుకావా రిమి 2001లో పాడిన నదా సోసో. ఒకినావా భాషలో ఆ మాటకు కన్నీరు బొటబొటా కారడమని అర్థం. నడక తాపీగా ఉంటుంది, పాదాల చివర స్వరాలు చక్కగా సాగుతాయి, మకుటంలో గొంతు పెంచి చరణంలో తగ్గించే వీలుంది కనుక భావప్రకటనకు కూడా మార్కులు దక్కుతాయి. మొదటి నుంచి చివరి దాకా ఒకే బిగ్గరతనంతో పాడేవారు ఈ పద్దులోనే నష్టపోతారు.

ఇంకొక చిన్న కిటుకు ఉంది. పాట ముగిశాక డామ్ తెర మీద ఆ పాటకు దేశమంతటి సగటు మార్కు కూడా కనిపిస్తుంది. ఒక చిన్న పుస్తకంలో ఆ సగటును, నా మార్కును పక్కపక్కన రాసుకుంటూ వస్తున్నాను. సగటు ఎక్కువగా ఉన్న పాట సాధారణంగా పాడేవారికి అనుకూలంగా ఉన్నట్లు; సగటు తక్కువై నా మార్కు ఎక్కువైతే అది ప్రత్యేకించి నా గొంతుకు నప్పిన పాట. అటువంటివి నాకు ఇప్పటికి ఏడు దొరికాయి.

మొన్న మా భవనంలోనే ఉండే గుంటూరు అమ్మాయి, ఆఫీసు విందు దగ్గర పడుతోందని, "అక్కా, నాకు తొంభై వచ్చే పాట ఒకటి చెప్పండి" అని అడిగింది. ముందు నీ శ్రుతి ఎంత అన్నాను. తెలియదంది. ఆదివారం పగటిపూట గది తీసుకుని, ఫురుసాతోను ఒక్కొక్క మెట్టే దించుతూ ఐదుసార్లు పాడించాను. మూడవ మెట్టు దగ్గర 88.412 వచ్చింది, ఐదవ దగ్గర 85కు పడిపోయింది. నదా సోసో ఆమె గొంతుకు కుదరలేదు. ఇంటికి తిరిగి వస్తూ, వచ్చే ఆదివారం ఎన్‌కా పాటలు, అంటే ఇక్కడి పాతకాలపు ధోరణి భావగీతాలు, చూద్దామనుకున్నాము. ఆమె గొంతు లోతుకు అవే సరిపోతాయని నా అంచనా.