బండి ఆపితే కాగితాలు చూపాలి... మరి ఫోనో?

విజయవాడలో బెంజి సర్కిల్ దగ్గరో కనకదుర్గ వారధి మీదో రాత్రిపూట పోలీసులు బండి ఆపితే లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్టు చూపాల్సిందే. డిజిలాకర్‌లో చూపినా చెల్లుతుంది. మెషిన్‌లో ఊదమంటే ఊదాలి. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసే. నా ఒళ్లు నా ఇష్టమంటే అక్కడ కుదరదు.

"ఫోన్ లాక్ తియ్, వాట్సాప్ చూపించు" అన్నప్పుడు మాత్రం సంగతి వేరు. మోటారు వాహనాల చట్టంలో అలా అడిగే అధికారం లేదు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు జడ్జీలు తొమ్మిది మందీ ఒకే మాటగా, గోప్యత 21వ అధికరణలో భాగమని తేల్చారు. దానికి హద్దులూ ఉంటాయన్నారు. అయితే హద్దు పెట్టాలంటే ఒక చట్టం ఉండాలి, సరైన ప్రయోజనం ఉండాలి, అవసరానికి మించి చొరబడకూడదు. అందుకే మర్యాదగా ఒక్క ప్రశ్న వేయండి: "ఏ కేసులో అడుగుతున్నారు సార్?"

దాచడానికి ఏముందిలే అని లాక్ తీసి ఇచ్చేయడం చాలామంది చేసే పొరపాటు. ఆ ఫోన్‌లో మన సంగతులొక్కటే ఉండవు. అమ్మ స్కానింగ్ రిపోర్టు ఉంటుంది, చెల్లికి వచ్చిన సంబంధాల ఫోటోలుంటాయి. వాళ్లెవరూ ఒప్పుకోలేదు కదా. పైగా మీ ఇష్టంతోనే ఇచ్చారని రాసుకుంటే తర్వాత అడగడానికి పట్టు దొరకదు.

అలాగని ఫోన్ ముట్టుకోనే కూడదని కాదు. నేరంతో సంబంధం ఉందన్న అనుమానానికి ఆధారముంటే బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 106వ సెక్షన్ కింద పోలీసులు స్వాధీనం చేసుకోవచ్చు. అప్పుడు పెనుగులాడితే విధులకు అడ్డుపడ్డారని ఇంకో కేసు పడుతుంది. కంగారులో మెసేజీలు చెరిపేయడం మరీ ప్రమాదం. సాక్ష్యం మాయం చేయడం దానికదే నేరం. సాక్షిగా మిగలాల్సినవాళ్లు ముద్దాయిలవుతారు.

ఆ సమయంలో మనల్ని కాపాడేది పంచనామా కాగితం, అంటే ఏం తీసుకున్నారో సాక్షుల ముందు రాసే పత్రం. "నల్ల రంగు సెల్‌ఫోన్ ఒకటి" అని రాసి సంతకం పెట్టమంటే ఆగండి. కంపెనీ, మోడల్, సిమ్ నంబర్లు, మెమరీ కార్డు, పగుళ్లుంటే అవి కూడా రాయించండి. స్టార్, హ్యాష్, 06, హ్యాష్ కొడితే ఫోన్‌ను గుర్తించే 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. రెండు సిమ్‌ల ఫోనైతే రెండు వస్తాయి, రెండూ ఎక్కాలి. స్విచాఫ్ చేసి కవర్‌లో పెట్టి సీలు వేశారో లేదో చూడండి. తనిఖీ, స్వాధీనం వీడియో తీయాలని అదే చట్టంలోని 105వ సెక్షన్ చెబుతోంది. సోదా చేసి తీసుకున్న వస్తువుల జాబితా కాపీ ఇవ్వడం 103 కింద వాళ్ల బాధ్యత. అడిగి తీసుకోండి.

పాస్‌వర్డ్ చెప్పి తీరాలా అన్నదాని మీద కోర్టులు ఒక్క మాట మీద లేవు. కోర్టు ఉత్తర్వు తెచ్చుకుని అడగవచ్చని 2021లో కర్ణాటక హైకోర్టు అంది. నిందితుణ్ణి బలవంతపెట్టకూడదని 2022లో ఢిల్లీలోని ఒక సీబీఐ కోర్టు అంది. కాబట్టి రోడ్డు మీద దాని గురించి వాదన పెట్టుకోకుండా లాయరుతో మాట్లాడాకే చెబుతాననండి.

ఫోన్ వెనక్కి కావాలంటే స్టేషన్ చుట్టూ తిరగడం దండగ. మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేయాలి. విచారణ నడుస్తుంటే బీఎన్‌ఎస్‌ఎస్ 497 కింద, ఫోన్ ఇంకా కోర్టుకు రాకపోతే 503 కింద. పూచీకత్తు అడగవచ్చు. ఫోన్ మీదేనని చూపడానికి కొన్న బిల్లు, ఐఎంఈఐ ఉన్న పెట్టె అక్కడ పనికొస్తాయి. ఆ పెట్టెను దీపావళి బూజులు దులిపేటప్పుడు పారేయకండి.